డిస్కుల తాళంచెవి అతిథి చేతికి!

ఒక పెద్ద ఇంట్లో పది కుటుంబాలు అద్దెకుంటున్నాయనుకోండి. వీధి గుమ్మం ఒకటే, నుయ్యి ఒకటే, పెరడూ ఒకటే. అయినా ఏ వాటా వారు ఆ వాటాలో తమ వంట తాము వండుకుంటూ, పక్కవారి గొడవ పట్టకుండా కాపురం చేస్తూంటారు. కంప్యూటర్లలో కూడా ఇలాంటి ఏర్పాటే ఉందంటే మీరు నమ్ముతారా?

పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున లక్షలమంది విద్యార్థులు ఒక్కసారిగా తమ హాల్ టికెట్ నెంబర్లు కొట్టి చూస్తారు. వారందరికీ జవాబు చెప్పే శక్తిమంతమైన కంప్యూటర్లను సర్వర్లు అంటారు. సర్వరుకు ఒకే ఒక పని అప్పగిస్తే మిగతా కాలమంతా అది ఖాళీగా కూర్చుంటుంది. అందుకని ఒకే సర్వరును పది పదిహేను కంప్యూటర్లుగా పంచి వాడుకుంటారు. ఇలా తయారయిన ఒక్కొక్క కంప్యూటరు పేరు ‘వర్చువల్ మెషీన్’. మిథ్యా యంత్రం అన్నమాట. దానికి విడిగా పెట్టె ఉండదు, తీగలుండవు. కాని అందులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ మాత్రం తానొక నిజమైన కంప్యూటర్లోనే ఉన్నాననుకుంటుంది!

ఇది నిన్న మొన్న పుట్టిన ఊహ కాదు. అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం కంపెనీ వారి పరిశోధన కేంద్రం తయారు చేసిన ‘సీపీ-40’ అనే ఏర్పాటు 1967 నాటికే ఇలా పనిచేసింది. 1972లో ఆ కంపెనీ ‘వీఎం/370’ని విడుదల చేసింది. బల్లమీది మామూలు కంప్యూటర్లకు ఈ విద్యను వీఎంవేర్ అనే కంపెనీ 1999లో తెచ్చింది. 2007లో లైనక్స్‌లోనే ‘కేవీఎం’ అనే పేరుతో ఈ సదుపాయం చేరింది.

ఇంటిని నడిపే అసలు వ్యవస్థను ‘హోస్టు’ అంటారు. మనం ఆతిథేయి అందాం. లోపల కాపురముండే మిథ్యా యంత్రం ‘గెస్టు’, అంటే అతిథి. అతిథి మర్యాదలు చూడవలసింది ఆతిథేయి. కాని ఒక్కోసారి అతిథి చేతికే ఒక గది తాళంచెవి ఇచ్చేయవలసి వస్తుంది. ఆ గది ఏది? ఎందుకివ్వాలి? ఇస్తే ఏం ప్రమాదం? అదే ఈ వ్యాసంలో చెప్పుకోబోతున్నాం.

అతిథి చూసే డిస్కు

అతిథికి ఒక డిస్కు కనిపిస్తుంది. దానిమీద రాస్తుంది, చదువుతుంది. నిజానికి చాలాసార్లు అది డిస్కే కాదు. ఆతిథేయి డిస్కులో ఉన్న ఒక పెద్ద ఫైలు! అతిథి “పదో భాగంలో ఈ సమాచారం రాయి” అని ఆజ్ఞాపిస్తే ఆతిథేయి మధ్యలో అందుకుని, ఆ ఫైలులో తగినచోట రాసి, “చిత్తం, రాశాను” అని బదులు చెబుతుంది.

మామూలు పనులకు ఇది చాలు. అయితే సమాచారాన్ని భద్రపరచడమే వృత్తిగా గల అతిథులు కొందరుంటారు. ఒక ఆఫీసులోని ఫైళ్ళన్నిటినీ దాచే మిథ్యా యంత్రం అలాంటిదే. దానికి ఈ మధ్యవర్తిత్వం రెండు చిక్కులు తెస్తుంది.

మొదటిది ఆరోగ్యం సంగతి. హార్డ్ డిస్కులు తమ ఆరోగ్యాన్ని తామే పరీక్షించుకుని లెక్కలు రాసుకుంటాయి. ఎంత వేడెక్కాయి, ఎన్ని గంటలు తిరిగాయి, ఎన్నిచోట్ల ఉపరితలం పాడయి సమాచారాన్ని వేరేచోటికి మార్చవలసి వచ్చింది వగైరా. దీనికి ‘స్మార్ట్’ అని పేరు. పాడయిన చోట్ల సంఖ్య రోజురోజుకూ పెరుగుతోందంటే ఆ డిస్కును వెంటనే మార్చడం మంచిది. కాని అతిథి చేతిలో ఉన్నది ఫైలు కదా! ఫైలుకు జ్వరం వస్తుందా? అసలు డిస్కుకు వచ్చిన జ్వరం అతిథికి తెలియనే తెలియదు.

రెండోది నమ్మకం సంగతి. డిస్కుకు పంపిన సమాచారం కొంతసేపు దారిలో తాత్కాలిక మెమరీలో ఆగుతుంది. అందుకే ముఖ్యమైన సమాచారం రాశాక, “దారిలో ఉన్నదంతా డిస్కుమీదికి చేర్చి అప్పుడు చెప్పు” అనే ప్రత్యేకమైన ఆజ్ఞ ఒకటి పంపుతారు. మధ్యవర్తిని సరిగ్గా అమర్చకపోతే, అది ఇంకా చేర్చకముందే “చేర్చాను” అని చెప్పవచ్చు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందనుకోండి! అతిథి భద్రమనుకున్న సమాచారం ఎక్కడా ఉండదు. సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు తయారుచేసి 2005లో బయటపెట్టిన ‘జెడ్ఎఫ్ఎస్’ అనే ఫైలు వ్యవస్థ ప్రతి సమాచారపు ముక్కకూ ఒక సరిచూపు సంఖ్య రాసి పెట్టుకుంటుంది. తప్పు దొర్లితే పట్టుకుని, మరో డిస్కుమీది ప్రతితో సరిదిద్దుతుంది. ఇంత జాగ్రత్తపరుడు డిస్కులతో నేరుగా మాట్లాడాలని కోరడంలో ఆశ్చర్యమేముంది?

మరి వేగం? నేరుగా మాట్లాడితే వేగమూ కొంత పెరుగుతుంది. కాని తిరిగే డిస్కు విషయంలో పెద్దగా ఆశపడకండి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే డిస్కు ఒక చుట్టు తిరగడానికి సెకనులో 120వ వంతు పడుతుంది. కావలసిన చోటు సూదికిందికి రావడానికి సగటున అందులో సగం ఆగాలి. ఈ ఎదురుచూపు ముందు మధ్యవర్తి ఆలస్యం చాలా చిన్నది. కాబట్టి ఇక్కడ అసలు లాభం వేగం కాదు, నిజం తెలియడం.

మేస్త్రీ ఎవరు?

డిస్కులు మదర్ బోర్డుకు సన్నని కేబుళ్ళతో తగిలించి ఉంటాయి. ఈ పద్ధతి పేరు ‘సాటా’. దీని మొదటి ప్రమాణం 2003లో వెలువడింది. అప్పటి వేగం సెకనుకు 150 కోట్ల బిట్లు. తరువాత అది 300 కోట్లకు, ఆపైన 600 కోట్లకు పెరిగింది. ఒక్కొక్క బైటును పంపడానికి తీగమీద 10 బిట్లు పడతాయి కనుక, 600 కోట్ల బిట్లంటే 60 కోట్ల బైట్లు.

కేబుళ్ళన్నీ చేరేది ‘సాటా కంట్రోలర్’ అనే భాగానికి. డిస్కుల ముఠాకు ఇదే మేస్త్రీ. దీనితో ఎలా మాట్లాడాలో చెప్పే ఒప్పందం పేరు ‘ఏహెచ్‌సీఐ’. ఆ ఒప్పందం ప్రకారం ఒక కంట్రోలరుకు 32 పోర్టుల దాకా ఉండవచ్చు. ఒక్కొక్క పోర్టుకు ఒకేసారి 32 ఆజ్ఞలదాకా వరసపెట్టవచ్చు.

అతిథికి డిస్కులు నేరుగా అప్పగించాలంటే ఈ మేస్త్రీనే అప్పగించాలి. దీన్నే ‘పాస్‌త్రూ’ అంటారు. చెప్పడానికి ఇంతే! చేయడంలోనే ఉంది కిటుకు.

గిడ్డంగిలో గందరగోళం

కంప్యూటర్ మెమరీని ఒక గిడ్డంగి అనుకోండి. అందులో నెంబర్లు వేసిన అరలున్నాయి. పాత రోజుల్లో డిస్కునుంచి వచ్చిన ప్రతి బస్తానూ ప్రాసెసరే స్వయంగా మోసి అరలో పెట్టేది. యజమానే మూటలు మోస్తూంటే వ్యాపారం సాగుతుందా? అందుకని ఆ పని మేస్త్రీకి అప్పగించారు. “ఫలానా అరలో దింపు” అని చీటీ రాసిస్తే చాలు. మేస్త్రీ ప్రాసెసరును కదిలించకుండా తానే దింపి, పని అయ్యాక గంట కొడతాడు. ఇలా నేరుగా మెమరీని అందుకోవడాన్ని ‘డీఎంఏ’ అంటారు.

ఇప్పుడు అతిథి సంగతి చూడండి. ప్రతి అతిథీ తన గిడ్డంగి అరలు 1, 2, 3 అనే మొదలవుతాయనుకుంటుంది. కాని గిడ్డంగి ఒక్కటే కదా! ఆతిథేయి ఈ అతిథికి ఇచ్చిన అరలు 2001, 2002, 2003 కావచ్చు. అతిథి “5” అంటే అసలు అర 2005. ఆతిథేయి మధ్యలో ఉన్నంతసేపూ ఈ నెంబర్లను తానే మార్చి మేస్త్రీకి చెబుతుంది.

మధ్యవర్తిని తప్పించామనుకోండి. అతిథి మేస్త్రీకి నేరుగా “5వ అరలో దింపు” అని చీటీ ఇస్తుంది. పాపం, మేస్త్రీకి మిథ్యలూ మాయలూ తెలియవు. నిజంగానే 5వ అరకు పోయి బస్తా దింపేస్తాడు. ఆ అర మరెవరిదో! ఒకవేళ అది ఆతిథేయి ప్రాణప్రదంగా దాచుకున్న చోటయితే ఇల్లంతా కూలిపోతుంది. అతిథి దుర్మార్గురాలైతే మరీ ప్రమాదం. మేస్త్రీ చేత పక్కవారి అరల్లోని రహస్యాలు తెప్పించుకోవచ్చు.

చూశారా! తాళంచెవి ఇచ్చేముందు ఒక కాపలాదారు కావాలి.

ద్వారం దగ్గర చిట్టా

ఆ కాపలాదారు పేరు ‘ఐఓఎంఎంయూ’. ఇది ప్రోగ్రాము కాదు, ప్రాసెసరుతోపాటు వచ్చే నిజమైన ఎలక్ట్రానిక్ భాగం. ఇంటెల్ కంపెనీ దీన్ని ‘వీటీ-డీ’ అనీ, ఏఎండీ కంపెనీ ‘ఏఎండీ-వీఐ’ అనీ పిలుస్తాయి. మెమరీకీ, బయటి పరికరాలకూ మధ్య ద్వారంలో ఇది నిలబడుతుంది. దాని చేతిలో ఒక చిట్టా ఉంటుంది. ఏ పరికరం ఏ అర అడిగితే అసలు ఏ అరకు పంపాలో అందులో రాసి ఉంటుంది. చిట్టా రాసేది ఆతిథేయి. అతిథికి దాన్ని దిద్దే అధికారం లేదు.

చిన్న లెక్కతో చూద్దాం. మెమరీని సాధారణంగా 4,096 బైట్ల పుటలుగా విభజిస్తారు. అతిథి 20,000వ బైటు దగ్గర దింపమంది. 20,000ను 4,096తో భాగిస్తే భాగఫలం 4, శేషం 3,616. అంటే 4వ పుటలో 3,616వ చోటు. పుటలను సున్నా నుంచి లెక్కపెడతారని గుర్తుంచుకోండి. చిట్టాలో ఈ అతిథి 4వ పుటకు ఎదురుగా 1,000వ పుట అని ఉందనుకోండి. అసలు చోటు 1,000ని 4,096తో గుణించి, 3,616 కలిపితే వస్తుంది. అంటే 40,99,616. చిట్టాలో లేని పుటను అడిగితే? కాపలాదారు అడ్డుకుని ఆతిథేయికి ఫిర్యాదు చేస్తుంది. బస్తా దిగదు, ఎవరి అరా పాడవదు.

అడిగినది ఏ పరికరమో కాపలాదారుకు ఎలా తెలుస్తుంది? ప్రతి పరికరానికీ ఒక ఇంటి నెంబరుంది. అందులో మూడు భాగాలు: వీధి, ఇల్లు, గది. వీటికి వరసగా 8, 5, 3 బిట్లు కేటాయించారు. అంటే 256 వీధులు, వీధికి 32 ఇళ్ళు, ఇంటికి 8 గదులు. మొత్తం 65,536 చిరునామాలు. పరికరం పంపే ప్రతి కోరికమీదా ఈ చిరునామా ఉంటుంది.

ఇక పని అయ్యాక మేస్త్రీ కొట్టే గంట ఉంది కదా, దాన్ని ‘ఇంటరప్ట్’ అంటారు. అది కూడా సరైన అతిథికే వినిపించాలి. గంటలకు కూడా కాపలాదారు దగ్గర వేరే చిట్టా ఉంటుంది.

ఒక్క డిస్కునే ఇవ్వకూడదా?

మంచి ప్రశ్న. కంట్రోలరుకు ఆరు పోర్టులుంటే మూడు అతిథికిచ్చి, మూడు మనం ఉంచుకోకూడదా? కుదరదు. కారణాలు రెండు. కంట్రోలరు మొత్తానికి చిరునామా ఒకటే. అది ఏ పోర్టు తరఫున వచ్చి అడుగుతోందో కాపలాదారుకు తెలియదు. రెండోది, ఒక్కొక్క పోర్టుకు ఆజ్ఞలు రాసే పలక కేవలం 128 బైట్లు. మెమరీ హక్కులు 4,096 బైట్ల పుటల చొప్పునే ఇవ్వగలం. ఒకే పుటమీద ఎన్నో పోర్టుల పలకలుంటాయి. పుటను చింపి సగం ఇవ్వలేం కదా! కాబట్టి ఇస్తే మేస్త్రీని మొత్తంగా ఇవ్వాలి, లేకుంటే మానాలి.

ఇక్కడే చాలామంది కాళిదాసు కథలో లాగా కూర్చున్న కొమ్మనే నరుక్కుంటారు. ఆతిథేయి తాను మేల్కొనే డిస్కు కూడా ఆ కంట్రోలరుకే తగిలించి ఉంటే, దాన్ని అతిథికి అప్పగించిన మరుక్షణం ఆతిథేయి కాళ్ళకింద నేల కదిలిపోతుంది. అందుచేత ఆతిథేయి డిస్కు వేరే దారిలో ఉండాలి.

నిజమైన మదర్ బోర్డు ఒకటి చూద్దాం. 2014లో ఇంటెల్ విడుదల చేసిన ‘సీ610’ వర్గపు చిప్‌సెట్ ఉన్న సర్వర్ బోర్డుల్లో సాటా కంట్రోలర్లు ఒకటి కాదు, రెండు. ఒకదానికి 6 పోర్టులు, రెండోదానికి 4. మొదటిదాని చిరునామా 00:1ఎఫ్.2. రెండోదానిది 00:11.4. ఈ అంకెలు పదహారు ఆధారంగా రాసినవి. ఆ పద్ధతిలో ఎఫ్ అంటే 15, కనుక 1ఎఫ్ అంటే 31వ ఇల్లు. 11 అంటే పదకొండు కాదు, 17వ ఇల్లు!

ఆరు పోర్టులున్నదాన్నే అతిథికి ఇద్దామనిపిస్తుంది. కాని 31వ ఇంట్లోకి తొంగిచూడండి. 2వ గదిలో కంట్రోలరు ఉంటే, 0వ గదిలో బోర్డులోని నిదానమైన పాత భాగాలకు దారితీసే వంతెన ఉంది. 3వ గదిలో ఉష్ణోగ్రత వంటి సంగతులు మోసే చిన్న బస్సు ఉంది. ఒకే ఇంటి గదులు వీధి గుమ్మం దాటకుండా లోలోపలే మాట్లాడుకునే వీలుండవచ్చు. గుమ్మం దగ్గరి కాపలాదారుకు ఆ మాటలు వినపడవు. అందుకని లైనక్స్ ఇలాంటి గదులన్నిటినీ ఒకే జట్టుగా లెక్కిస్తుంది. దాన్ని ‘ఐఓఎంఎంయూ గ్రూపు’ అంటారు. జట్టులో ఒకటి అతిథిదీ, ఒకటి ఆతిథేయిదీ కావడానికి వీల్లేదు. వంతెనను వదులుకోవడం ఆతిథేయికి సాధ్యం కాదు.

17వ ఇంట్లో అలాంటి ముఖ్యమైన ఇరుగుపొరుగు లేదు. కాబట్టి 4 పోర్టుల కంట్రోలరును అతిథికి ఇచ్చి, 6 పోర్టులదాన్ని ఆతిథేయి ఉంచుకోవడం తెలివైన పద్ధతి. జట్టును బలవంతంగా విడదీసే చిట్కాలు కొన్ని ఉన్నాయి. కాని అవి గదుల మధ్య గోడ కట్టవు. గోడ ఉందని కాగితంమీద రాస్తాయి, అంతే.

అప్పగింత ఎలా జరుగుతుంది?

ముందు మదర్ బోర్డు బయోస్‌లో కాపలాదారును మేల్కొల్పాలి. చాలా బోర్డుల్లో ఇది నిద్రపోతూ ఉంటుంది. తరువాత ఆతిథేయి ఆ కంట్రోలరుమీద తన పట్టు వదలాలి. లైనక్స్‌లో ఈ పనికి 2012లో చేరిన ‘వీఎఫ్ఐఓ’ అనే సాధనముంది. మామూలు డ్రైవరు స్థానంలో అది కంట్రోలరును పట్టుకుని అతిథి కోసం అట్టిపెడుతుంది. అతిథి మేల్కొనగానే తన పెట్టెలో ఒక సాటా కంట్రోలరు ఉన్నట్టు కనిపెట్టి, సొంత డ్రైవరుతో దాన్ని నడుపుకుంటుంది. డిస్కుల అసలు పేర్లు, వరస నెంబర్లు, జ్వరాలు అన్నీ ఇప్పుడు దానికి తెలుస్తాయి.

ఇక్కడొక హెచ్చరిక. సర్వరు మేల్కొనేటప్పుడు ఆతిథేయి మామూలు డ్రైవరు కంటే ముందే వీఎఫ్ఐఓ ఆ కంట్రోలరును పట్టుకోవాలి. లేకుంటే ఆతిథేయి ఆ డిస్కులను తనవే అనుకుని తెరిచి కూర్చోవచ్చు. ఒకే డిస్కుమీద ఇద్దరు రాస్తే ఏమవుతుంది? ఎక్కడ ఖాళీ ఉందో చెప్పే పట్టిక ఒక ప్రతి ఆతిథేయి మెమరీలోనూ, ఒక ప్రతి అతిథి మెమరీలోనూ ఉంటుంది. ఒకరు రాసిన సంగతి రెండోవారి ప్రతిలో ఉండదు. ఖాళీ అనుకుని ఒకరి రాతమీద మరొకరు రాస్తారు. ఏళ్ళ తరబడి దాచుకున్న లెక్కలు, ఫోటోలు, పరిశోధనలు నిమిషాల్లో చెల్లాచెదురవుతాయి. సమాచారం పోవడానికి డిస్కు విరగనక్కరలేదు. యజమానులు ఇద్దరైతే చాలు!

లాభంతోపాటు నష్టం

ఈ ఏర్పాటుకు మూల్యం కూడా ఉంది. మేస్త్రీ ఎప్పుడు ఏ అరకు వస్తాడో తెలియదు కనుక అతిథి అరలన్నిటినీ కదలకుండా బిగించి ఉంచాలి. 16 గిగాబైట్ల మెమరీ గల అతిథికి 4,096 బైట్ల చొప్పున 41,94,304 పుటలు. వాటిలో ఒక్కటి కూడా ఖాళీగా ఉంది కదా అని మరొక అతిథికి ఇవ్వడానికి వీల్లేదు.

మామూలు మిథ్యా యంత్రాన్ని పనిచేస్తూండగానే ఒక సర్వరునుంచి మరో సర్వరుకు తరలించవచ్చు. ఉన్న స్థితిని ఉన్నట్టుగా ఫోటో తీసినట్టు భద్రపరచవచ్చు. నిజమైన కంట్రోలరును పట్టుకున్న అతిథికి ఈ రెండూ కుదరవు. అట్టలో బిగించిన ఇనుప ముక్క తీగల వెంట ప్రయాణం చేయలేదు కదా!

మరొక సంగతి. కాపలాదారు కాపాడేది మెమరీని మాత్రమే. అతిథి తన డిస్కులను తానే చెరిపేసుకుంటే అడ్డుపడదు. అందుచేత తాళంచెవి నమ్మకమైన అతిథికే ఇవ్వాలి. ముఖ్యమైన సమాచారానికి మరోచోట మరొక ప్రతి ఎప్పుడూ ఉండాలి.

స్వేచ్ఛ కావాలంటే హద్దు కావాలన్నది ఇక్కడి కీలకం. కాపలాదారు లేని రోజుల్లో ఆతిథేయి ప్రతి మాటకూ మధ్యలో నిలబడవలసి వచ్చేది. హద్దును కాపాడే చిట్టా ద్వారం దగ్గర ఉండబట్టే, ఆతిథేయి నిశ్చింతగా పక్కకు తప్పుకుని అతిథికి తాళంచెవి ఇవ్వగలుగుతోంది.

ఇక మీకొక లెక్క. అతిథి 50,000వ బైటు దగ్గర దింపమంది. ఆ పుటకు ఎదురుగా చిట్టాలో 700 అని ఉంది. అసలు చోటు ఎంత? కాగితం, పెన్సిలు తీసుకుని కట్టి చూడండి. 28,68,048 వచ్చిందంటే కాపలాదారు ఉద్యోగం మీదే!